సారు పర్మనెంటా?

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున మా బాబాయి కూతురు ఫోన్ చేసింది. గద్వాలలో డిగ్రీ అయిపోయింది, సీపీగెట్ రాసింది, ర్యాంకు ఫరవాలేదు. "అన్నా, ఎమ్మెస్సీ యాడ చేరమంటవ్?" అని అడిగింది. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇట్లాంటి ఫోన్లు మామూలే కదా. ఊళ్ళో ఎవరి పిల్లలకి ఏ సీటొచ్చినా, మనకేదో అంతా తెలిసినట్టు మనకే చేస్తారు. మనమూ తెలిసినట్టే చెప్తాం. హాస్టల్ ఉందా, ప్లేస్‌మెంట్లు ఉన్నాయా, హైదరాబాద్ అయితే బెటరేమో... ఇట్లా పది నిమిషాలు ఉపన్యాసం దంచి ఫోన్ పెట్టేస్తాం.

ఈసారి ఎందుకో అట్లా చెప్పబుద్ధి కాలేదు. "సీటొచ్చే కాలేజీలకి ఒకసారి పోయి చూసిరా. పోయినప్పుడు ఒకటే అడుగు. మీ డిపార్ట్‌మెంట్లో పర్మనెంట్ సార్లు ఎంతమంది అని" అన్నాను.

"అదేందన్నా, అడ్మిషన్‌కి పోయి సార్ల నౌకరీల గురించి అడుగుతారా ఎవరన్నా?" అని నవ్వింది.

నవ్విందని నేనేం అనుకోలేదు. ఈ ప్రశ్న తట్టడానికి నాకే ఏడెనిమిదేళ్ళు పట్టింది. ఎందుకు పట్టిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

మాది రాజోలి. తుంగభద్ర ఒడ్డున, సుంకేసుల బ్యారేజీ పక్కన. ఇప్పుడు జోగులాంబ గద్వాల జిల్లాలో ఒక మండలం, నా చిన్నప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక ఊరు. (2025లో ఇథనాల్ ఫ్యాక్టరీ గొడవతో పేపర్లకెక్కిన పెద్ద ధన్వాడ మా మండలమే.) గద్వాల చీరలని మీరు కొనేవాటిలో కొన్ని మా ఊరి మగ్గాల మీద నేసినవే. 2009 అక్టోబర్‌లో తుంగభద్రకి వరదొచ్చి కర్నూలు మునిగింది గుర్తుందా? అప్పుడే మా ఊరూ మునిగింది. నేను ఎనిమిదో తరగతి. నీళ్ళు తీసినాక ఇంటికి పోయి చూస్తే మగ్గం గుంట నిండా బురద. మా నాన్న మగ్గం కోసం ఏడ్చాడు, మా అక్క డిగ్రీ మెమోల కోసం ఏడ్చింది. ట్రంకు పెట్టెలో పెట్టిన మెమోలన్నీ ముద్దయిపోయాయి. డూప్లికేట్లు తెచ్చుకోవడానికి పోలీస్ స్టేషన్లో ఒక కాగితం, నోటరీ దగ్గర ఒక కాగితం, చలానా, ఆ తర్వాత కౌంటర్ నుంచి కౌంటర్‌కి తిరుగుడు. నెలలు పట్టింది. అప్పటినుంచీ మా ఇంట్లో సర్టిఫికెట్లంటే బంగారం కన్నా ఎక్కువ. మూడు కవర్లు ఒకదానిలో ఒకటి పెట్టి, తాడుతో కట్టి, అటక మీద.

ఇంత జాగ్రత్తగా దాచిన నా టెన్త్ మెమో, ఇంటర్ మెమో, నాలుగేళ్ళు ఇంకొకళ్ళ బీరువాలో ఉన్నాయి. ఇంజనీరింగ్ కాలేజీ బీరువాలో.

2014లో చేరాను. ఆ ఏడాది కౌన్సెలింగ్ చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. రాష్ట్రం విడిపోయిన గందరగోళంలో కౌన్సెలింగే లేటు. అదీ చాలక, సార్లు లేరు, ల్యాబులు లేవు అని జేఎన్‌టీయూ హైదరాబాద్ 170కి పైగా కాలేజీలకి అఫిలియేషన్ ఇవ్వనంది. కాలేజీలు కోర్టులకెక్కాయి. మాకైతే ఏ కాలేజీ లిస్టులో ఉంటుందో ఏది పోతుందో తెలీదు. నేను చేరిన కాలేజీ పేరు రాయను, రాసి లాభం లేదు, అట్లాంటివి బోలెడు. ఇన్‌స్పెక్షన్ రోజు మాత్రం మా డిపార్ట్‌మెంట్ కళకళలాడేది. ఎన్నడూ చూడని సార్లు టైలు కట్టుకొని కూర్చునేవాళ్ళు. మర్నాడు ఒక్కరుండరు. మాకది పెద్ద జోకు. అది మన మీదే జోకని అప్పుడు తెలీలేదు.

ఒక సారు మాత్రం నిజంగా ఉండేవాడు. డేటా స్ట్రక్చర్స్ చెప్పేవాడు. నాకీ రోజు ఉద్యోగం ఉందంటే సగం ఆయన వల్లే, అది అతిశయోక్తి కాదు. 2018లో ఫైనలియర్ అయిపోయింది, నాకొక ఆఫర్ ఉంది, జాయినింగ్ రోజు ఒరిజినల్స్ చూపించాలి. కాలేజీ ఇవ్వనంది. ప్రభుత్వం నుంచి రెండేళ్ళ ఫీజు రీయింబర్స్‌మెంట్ రావాలి, అది మీరు కట్టండి, వచ్చాక తిరిగి ఇస్తాం అన్నారు. ఏడాదికి 35 వేల లెక్కన 70 వేలు. మా నాన్న చీర నేస్తే వచ్చే కూలితో ఎన్ని నెలలో మీరే లెక్కేసుకోండి. ప్రభుత్వానికీ కాలేజీకీ మధ్య బాకీ ఉంటే తాకట్టు నా టెన్త్ మెమో అన్నమాట. నది ముంచితే డూప్లికేట్ ఇస్తారు. కాలేజీ పట్టుకుంటే అదీ ఇవ్వరు.

మేం ఆరుగురం. ఆ సారు మమ్మల్ని వెంటబెట్టుకొని పై గదికి పోయాడు. "పిల్లలు ఉద్యోగాల్లో చేరాలె సర్, అండర్‌టేకింగ్ రాయించుకొని ఇచ్చేద్దాం" అన్నాడు. అంతే అన్నాడు, గట్టిగా కూడా అనలేదు. మాకు సర్టిఫికెట్లు వచ్చాయి, చివరి మార్కుల మెమో ఒక్కటి తప్ప. వచ్చే సెమిస్టర్‌కి ఆయన్ని రావద్దన్నారు. ఆయనది ఏడాదికోసారి రాసుకునే కాంట్రాక్టు. తీసేశారు అనడానికి కూడా లేదు, రెన్యూ చేయలేదు, అంతే.

జూనియర్లు ఒక లెటర్ రాసి, పాస్ అవుటయిన వాళ్ళని కూడా సంతకాలు అడిగారు. నాకూ ఫోనొచ్చింది. చూద్దాం అన్నాను. పెట్టలేదు. నా మార్కుల మెమో ఇంకా వాళ్ళ దగ్గరే ఉంది కదా మరి. ఆరుగురిలో పెట్టింది ఇద్దరే అని తర్వాత తెలిసింది.

ఇక అసలు సంగతి. యూనివర్సిటీల్లో ఖాళీల గురించి మనం పేపర్లో ఏడాదికోసారి చదువుతాం. తెలంగాణ రాష్ట్ర యూనివర్సిటీల్లో దాదాపు 2,800 మంజూరైన పోస్టుల్లో రెండు వేలకు పైగా ఖాళీ అని 2025 మొదట్లో లెక్కలొచ్చాయి. అంటే నాలుగు కుర్చీల్లో ఒకదాంట్లోనే మనిషున్నట్టు. ఇది చదివి మనమేమనుకుంటాం? పాపం పాఠాలు చెప్పేవాళ్ళు లేరు అనుకుంటాం. నిజానికి పాఠాలు ఎట్లాగో అట్లా నడిచిపోతాయి. కాంట్రాక్టు వాళ్ళు, పార్ట్‌టైమ్ వాళ్ళు చెప్తారు, చాలాసార్లు బాగానే చెప్తారు. నడవనిది ఇంకోటుంది. ప్రశ్నాపత్రం ఎవరు సెట్ చేస్తారు, సిలబస్ ఎవరు మారుస్తారు, రీవాల్యుయేషన్ ఎవరు చూస్తారు, హాస్టల్ వార్డెన్ ఎవరు, ర్యాగింగ్ కంప్లైంట్ ఎవరు తీసుకుంటారు, పీహెచ్‌డీ గైడ్ ఎవరు... ఈ పనులన్నిటికీ బాధ్యుడిగా ఉండాల్సింది రెగ్యులర్ అధ్యాపకుడు. ఉన్నది ఒక్కరో ఇద్దరో అయితే ఆ ఒక్కరే హెడ్డు, ఆయనే బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఛైర్మన్, ఆయనే వార్డెన్, ఆయనే పరీక్షల ఇన్‌ఛార్జి. మన భాషలో చెప్పాలంటే కోడ్ రాసిందీ, రివ్యూ చేసిందీ, టెస్ట్ చేసిందీ, అర్ధరాత్రి ప్రొడక్షన్లో పెట్టిందీ ఒక్కడే. బగ్ రిపోర్ట్ కూడా ఆయనకే ఇయ్యాలి. ఏమవుతుందో మీకు నేను చెప్పాలా?

విద్యార్థి ప్రయోజనం అని ఊరికే గాల్లో ఉండదు. దాన్ని పట్టుకొని మాట్లాడే ఒక మనిషి ఉండాలి, మాట్లాడినాక కూడా ఆ మనిషి ఉద్యోగం ఉండాలి. నా వాదనంతా ఇంతే.

పైన ఉన్నవాళ్ళ సంగతి చూద్దాం. పాత రోజుల్లో మన యూనివర్సిటీలకి సెనేట్లు, సిండికేట్లు ఉండేవి. ఆంధ్రా యూనివర్సిటీలో అయితే గ్రాడ్యుయేట్లు ఓట్లేసి సెనేట్‌కి మనుషుల్ని పంపేవాళ్ళు. ఆ పద్ధతిలో రాజకీయాలు ఎక్కువయ్యాయనే విమర్శా ఉండేది. 1991 యూనివర్సిటీల చట్టంతో పాలకమండలి, అంటే ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్, ప్రభుత్వం నామినేట్ చేసేదయింది. 2008లో మా జిల్లాకి వచ్చిన పాలమూరు యూనివర్సిటీ కూడా ఈ చట్టం కింద పుట్టిందే. స్టూడెంట్ యూనియన్ ఎన్నికలైతే రాష్ట్ర యూనివర్సిటీల్లో 1980ల చివర్లోనే ఆగిపోయాయి. ఇక మిగిలింది వైస్ ఛాన్సలర్. ఆయనకి మూడేళ్ళు టర్ము. తెలంగాణలో చాలా యూనివర్సిటీలకి 2016లో వీసీలొచ్చారు. 2019లో వాళ్ళ టర్మ్ అయిపోయింది. మళ్ళీ వీసీలని వేసింది 2021 మేలో. మధ్యలో ఐఏఎస్ అధికారులు ఇన్‌ఛార్జిలు. 2019లో ఎమ్మెస్సీలో చేరి మామూలుగా రెండేళ్ళలో ముగించినవాళ్ళు దాదాపు మొత్తం చదువు ఇన్‌ఛార్జి పాలనలోనే ముగించారన్నమాట. 2024 మేలో మళ్ళీ టర్ములు అయిపోయాయి, మళ్ళీ ఇన్‌ఛార్జిలు, అక్టోబర్‌లో కొత్త వీసీలు. టర్మ్ ఏ తేదీన ముగుస్తుందో మూడేళ్ళ ముందే తెలుసు కదా! మన దగ్గర ఒక సర్టిఫికెట్ ఎక్స్‌పైరీ డేట్ మర్చిపోయి సైట్ డౌనయితే రూట్ కాజ్ రాయించి ప్రాణం తీస్తారు.

నియామకాల సంగతీ అంతే. అన్ని యూనివర్సిటీలకీ కలిపి ఒకే రిక్రూట్‌మెంట్ బోర్డు పెడతామని 2022 సెప్టెంబర్‌లో అసెంబ్లీ బిల్లు పాస్ చేసింది. గవర్నర్ సందేహాలడిగారు. ఇది, ఇంకొన్ని బిల్లులు ఆగిపోయాయని 2023లో ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా పోయింది. బిల్లు మంచిదా కాదా అనేది వేరే సంగతి, నాకైతే ఎవరి సార్లని ఆ యూనివర్సిటీయే ఎంచుకోవాలనిపిస్తుంది. కానీ ఆ తగువు నడిచినన్నాళ్ళూ కుర్చీలు ఖాళీయే. అదే 2023లో నిజామాబాద్ తెలంగాణ యూనివర్సిటీలో వీసీకీ పాలకమండలికీ పడక, రిజిస్ట్రార్‌గా వాళ్ళొకర్ని, ఈయనొకర్ని వేసుకున్నారు. జూన్‌లో లంచం కేసులో వీసీని ఏసీబీ అరెస్టు చేసింది. అసలు రిజిస్ట్రార్ ఎవరో తేలనప్పుడు మైగ్రేషన్ సర్టిఫికెట్ కావాల్సిన పిల్లోడు ఎవరి తలుపు కొట్టాలి?

బాసర సంగతి నన్ను బాగా కుదిపింది. 2022 జూన్ 14న ట్రిపుల్ ఐటీ పిల్లలు క్లాసులు మానేసి బయట కూర్చున్నారు. పదిహేను పదహారేళ్ళకే టెన్త్ మార్కులతో వచ్చి చేరే పల్లెటూరి పిల్లలు. ఎండకీ వానకీ కదలకుండా వారం కూర్చున్నారు. వాళ్ళ డిమాండ్లలో మెస్‌లో తిండి ఉంది, ల్యాప్‌టాప్‌లున్నాయి, కానీ వాటితో పాటు ఇంకేముందనుకున్నారు? రెగ్యులర్ వైస్ ఛాన్సలర్! తర్వాత సార్ల ఖాళీలు. ఇన్‌ఛార్జి ఉంటే ఏ పనీ కాదని ఇంటర్ వయసు పిల్లలు కనిపెట్టారు. చివరికి విద్యాశాఖ మంత్రి సబితా ఇంద్రారెడ్డి రాత్రిపూట క్యాంపస్‌కి పోయి మాట్లాడితే విరమించారు. అప్పుడు మా ఆఫీస్‌లో ఒకాయన, "ఈ వయసులో వీళ్ళకి ధర్నాలెందుకు, చదువుకోక" అన్నాడు. వాళ్ళ తరఫున అడగాల్సిన పెద్దవాళ్ళు ఏరి అని నేను వెతుక్కున్నాను. అక్కడ పాఠాలు చెప్పేవాళ్ళలో ఎక్కువమంది కాంట్రాక్టు, గెస్ట్ అధ్యాపకులు. మా డేటా స్ట్రక్చర్స్ సార్లు. పై గదిలోకి పోయి ఒక్క మాట అంటే ఏమవుతుందో వాళ్ళకి తెలుసు.

ఇక్కడ మీరు అడ్డం పడతారని తెలుసు. పర్మనెంట్ అయితే మాత్రం ఉద్ధరిస్తారా, ఇరవై ఏళ్ళ నాటి నోట్సు చదివే ప్రొఫెసర్లని మేం చూడలేదా, పీహెచ్‌డీ పిల్లలతో ఇంటి పనులు చేయించుకునేవాళ్ళు లేరా అని. ఉన్నారు. కాదన్ను. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పర్మనెంట్ ప్రొఫెసర్లున్నారు, పాలకమండలీ ఉంది, కమిటీలూ ఉన్నాయి. అయినా ఐదుగురు దళిత స్కాలర్లని హాస్టల్ నుంచి బయటికి పంపారు, 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయాడు. కమిటీలో కూర్చున్నవాళ్ళకి ఉద్యోగ భద్రత ఉంటే చాలు, పిల్లలు క్షేమం అని ఎవరన్నా అంటే ఆ తేదీ చూపిస్తే చాలు.

అయితే ఆ తర్వాత జరిగింది కూడా చూడాలి. నిరసనగా అదే యూనివర్సిటీలో ఎస్సీ ఎస్టీ అధ్యాపకులు కొందరు తమ పాలనా పదవులకి రాజీనామా చేశారు. పదవులకి, ఉద్యోగాలకి కాదు. మర్నాడు మళ్ళీ క్లాసుకి పోయి పాఠం చెప్పగలిగే స్థితిలో ఉండి, ఈ పాపంలో మా సంతకం ఉండదు అన్నారు. కాంట్రాక్టు మనిషికి ఆ అవకాశమే లేదు. రాజీనామా చేయడానికి ఆయన దగ్గర పదవే ఉండదు, ఉన్నది ఉద్యోగమొక్కటే. పర్మనెంట్ వాళ్ళందరూ ధైర్యం చేస్తారని నేననడం లేదు. పదిమందిలో ఒకరు చేసినా, అది పర్మనెంట్ కాబట్టి చేయగలుగుతారు.

రూల్సు లేవా అంటే బ్రహ్మాండంగా ఉన్నాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోకూడదని 2018 అక్టోబర్‌లో యూజీసీ నోటిఫికేషన్ ఇచ్చింది. (నాకు మూడు నాలుగు నెలలు లేటు, ఏం చేస్తాం!) 2023లో విద్యార్థుల ఫిర్యాదుల మీద కొత్త నిబంధనలు తెచ్చింది. ప్రతి కాలేజీలో ఒక కమిటీ, ఫిర్యాదు మీద పదిహేను పనిదినాల్లో రిపోర్టు, అక్కడ న్యాయం జరగకపోతే పైన అంబుడ్స్‌పర్సన్, ఆయన ముప్పై రోజుల్లో తేల్చాలి. చదివితే ముచ్చటేస్తుంది. కానీ ఆ కమిటీలో ఎవరుండాలి? ఛైర్మన్‌గా ఒక ప్రొఫెసర్, సభ్యులుగా నలుగురు ప్రొఫెసర్లో సీనియర్ అధ్యాపకులో. స్టూడెంట్ ఒకరుంటారు, ప్రత్యేక ఆహ్వానితుడిగా. అయ్యా, మొత్తం డిపార్ట్‌మెంటుకి ఒక్క పర్మనెంట్ మనిషున్న చోట ఈ ఐదుగురిని ఎక్కడినుంచి తెస్తారు? తెచ్చినా, ఎవరి మీద ఫిర్యాదో ఆయనే ఛైర్మన్ అయి కూర్చునే పరిస్థితి. ప్రైవేటు కాలేజీలో అయితే యాజమాన్యం మీద ఫిర్యాదుని, ఆ యాజమాన్యమే జీతమిచ్చే ఐదుగురు విచారించాలి.

2025 ఏప్రిల్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్ల నియామకానికి మార్గదర్శకాలతో ప్రభుత్వం జీవో ఇచ్చింది. వెంటనే కాంట్రాక్టు అధ్యాపకులు, ముందు మమ్మల్ని రెగ్యులర్ చేయండని ధర్నాలకి దిగారు. ఇందులో ఎవరిది న్యాయమో చెప్పమంటే నాకు తడబాటే. పదిహేను ఇరవై ఏళ్ళు పాఠం చెప్పినాయన్ని నిన్న నెట్ పాసైన పిల్లాడితో పాటు క్యూలో నిలబడమనడం అన్యాయంగానే ఉంటుంది. అందర్నీ ఉన్నపళంగా రెగ్యులర్ చేస్తే ఆ పిల్లాడికి ఇంకో ఇరవై ఏళ్ళు తలుపు మూసుకుంటుంది. మధ్యేమార్గం ఏదో పెద్దలు చూడాలి. కానీ చూసే లోపల ఇంకో బ్యాచ్ చేరి బయటికి పోతుంది, అదే నా బాధ. ఎమ్మెస్సీ రెండేళ్ళే కదండీ.

ఇంతకీ మా చెల్లెలు నిజంగానే పోయి అడిగింది. రెండు చోట్లకి పోయిందట. మొదటి చోట ఆఫీసులో ఉన్నాయన, "అదంతా నీకెందుకమ్మా, ఫీజు ఎంతో అడుగు చెప్తా" అన్నాడట. రెండోచోట ఎవరూ జవాబు చెప్పలేదు గానీ, బయటికొస్తుంటే ఒక మేడం వెనకాలే వచ్చి, వరండాలో ఆపి, "మా డిపార్ట్‌మెంట్ల ఒక్కరే ఉన్నరు. మిగిలినోళ్ళం పార్ట్‌టైమ్. ఇంతవరకు ఎవ్వరు అడగలే, నువ్వెందుకు అడిగినవ్?" అందట.

"నువ్వేం చెప్పినవ్?" అన్నాను.

"మా అన్న అడగమన్నడని చెప్పిన. ఎందుకు అడగమన్నవో నాకే తెల్వదు కదా" అంది. అప్పుడు చెప్పాను, పై గది సంగతి, లెటర్ సంగతి, సంతకం సంగతి. ఇంట్లో ఎవరికీ ఇన్నాళ్ళూ చెప్పలేదు. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మల్ల ఆ సారు ఇప్పుడు యాడున్నడు?" అని అడిగింది.

లింక్డ్‌ఇన్‌లో చూశాను ఒకసారి. పాఠాలు చెప్పడం మానేశాడు. హైదరాబాద్‌లోనే ఒక చిన్న కంపెనీలో టెస్టింగ్‌లో ఉన్నాడు, మా ఆఫీసుకి మూడు కిలోమీటర్లు ఉంటుందేమో. ఆ మాటే చెప్పాను. రిక్వెస్ట్ పంపినవా అంది. లేదన్నాను.

ఆ రెండో కాలేజీలోనే చేరుతుందట. ఆ మేడం ఉంది కదా అంటోంది.